తుంగ పోతే హద్దూ పోతుంది

వరంగల్ భద్రకాళి చెరువును 2024 నవంబరులో ఖాళీ చేసి పూడికతీతకు సిద్ధం చేశారు. అంతకు ముందు, 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులను బాగు చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. పూడిక తీస్తే నీరు నిలుస్తుంది, ఆ మట్టి పొలానికి బలమిస్తుంది. ఇందులో ఎవరికీ పేచీ లేదు. పేచీ అల్లా యంత్రం ఎక్కడ ఆగాలన్న దగ్గరే. చెరువు నడుమ మేట వేసిన ఒండ్రును తోడవలసిన జేసీబీ, అంచున పచ్చగా నిలిచిన తుంగను సైతం కూకటి వేళ్లతో పెకలిస్తోంది. అంచనా కాగితాల్లో ‘పిచ్చి మొక్కల తొలగింపు’ అన్న ఒక్క పద్దులో గుర్రపుడెక్క, జమ్ము, సర్కారు తుమ్మ, తుంగ అన్నీ కలిసిపోతున్నాయి.

వీటిని ఒక గాటన కట్టడమే మొదటి పొరపాటు. గుర్రపుడెక్క పరాయి దేశం నుంచి వచ్చి నీటిపై చాపలా పరుచుకుని చేపకు ఊపిరి అందకుండా చేసేది. దాన్ని తీయవలసిందే. జమ్ము తుంగ జాతికి చెందదు. తుంగను గుర్తించడానికి శాస్త్రం చదవనక్కరలేదు. కాడను రెండు వేళ్ల మధ్య దొర్లిస్తే చాలా రకాల్లో మూడు అంచులు చేతికి తగులుతాయి. ప్రపంచంలో ఈ కుటుంబానికి చెందిన మొక్కలు సుమారు 5,500 రకాలున్నాయి. ప్రాచీన ఈజిప్టు వాసులు కాగితంగా వాడిన పాపిరస్ వీటిలోదే.

రైతుకు తుంగ పేరెత్తితే ఒళ్లు మండటం సహజమే. పొలంలో మొలిచే తుంగను (సైపరస్ రొటండస్) ప్రపంచంలోనే అత్యంత మొండి కలుపుగా శాస్త్రవేత్తలు 1977లోనే లెక్కగట్టారు. దాని గడ్డలు నేలలో గొలుసుకట్టుగా పెరుగుతాయి. నాగలి తగిలి గొలుసు తెగితే ప్రతి గడ్డా ఒక మొక్క అవుతుంది. అంటే దున్నే కొద్దీ పెరిగే కలుపు అది. ఆ గడ్డలనే ఆయుర్వేద వైద్యులు తుంగముస్తెలని పిలిచి జ్వరానికీ, అజీర్ణానికీ కషాయాల్లో వాడతారన్నది వేరే మాట. చాపలకు వాడే పొడవాటి తుంగ (సైపరస్ పాంగోరై) దీని దాయాదే గాని ఇది కాదు. ఒక దాయాది చేసిన నేరానికి మరొకరికి శిక్ష పడుతోంది. పైగా చెరువు గట్టు పక్క మట్టిలో తుంగగడ్డలుంటే, ఆ మట్టిని ట్రాక్టరుకెత్తి పొలంలో చల్లుకున్న రైతు డబ్బిచ్చి కలుపును కొని తెచ్చుకున్నట్టే.

అంచున తుంగ చేసే పని

చెరువు అంచు సంవత్సరంలో కొన్ని నెలలు మునిగి, కొన్ని నెలలు తేలి ఉండే నేల. అక్కడ వరి నిలవదు, చెట్టు బతకదు. తుంగ నిలుస్తుంది. కాడలోని గాలి గదుల ద్వారా బురదలోని వేళ్లకు ప్రాణవాయువు చేరవేసుకోగల శక్తి దానికుంది. వేళ్లు అల్లుకుని మట్టిని పట్టి ఉంచుతాయి. అలల తాకిడి తగ్గుతుంది. వాన నీటితో పొలాల నుంచి కొట్టుకొచ్చే ఒండ్రు ఆ పొదల్లో చిక్కుకుని చెరువు నడుమకు చేరడం ఆలస్యమవుతుంది. నీటికోళ్లు గూళ్లు కట్టుకునేదీ, చేప పిల్లలు తలదాచుకునేదీ ఇక్కడే. ఏటా కోట్లు పెట్టి తీస్తున్న పూడికను అడ్డుకునే దాన్ని పూడికతో పాటే తీసివేస్తున్నామన్న మాట.

ఊళ్ల మురుగు చెరువుల్లో కలుస్తున్న ఈ రోజుల్లో తుంగకు మరో ప్రయోజనం ఉంది. మురుగులోని నత్రజని, భాస్వరాలను అది పీల్చుకుని పెరుగుతుంది. హైదరాబాద్ నెక్నాంపూర్ చెరువులో 2018లో నీటి మొక్కలతో తేలియాడే తెప్పను ఏర్పాటు చేసింది ఈ గుణాన్ని నమ్మే. అయితే ఇక్కడొక మెలిక ఉంది. పెరిగిన తుంగను కోయకుండా వదిలేస్తే కుళ్లి, పీల్చుకున్నదంతా తిరిగి నీటికే ఇచ్చేస్తుంది. కోసి ఒడ్డుకు చేర్చినప్పుడే చెరువుకు మేలు. ఆ కోత కోసేది చాపలల్లే వారు. పచ్చి కాడను నిలువునా చీల్చి, ఎండబెట్టి, మళ్లీ తడిపి, నూలు పడుగు మీద పేకగా అల్లే ఆ పని వల్ల వారికి కూలి దొరికేది, చెరువుకు శుభ్రత దక్కేది. ప్లాస్టిక్ చాప వచ్చి ఆ కోతను మానిపించింది. కోత లేక తుంగ ముదిరి చెత్తగా కనిపించింది. చెత్త గనుక యంత్రం వచ్చింది.

ఇది అన్నిచోట్లా ఇలాగే జరగలేదు. తమిళనాట కరూరు, నామక్కల్ ప్రాంతాల్లో కావేరి ఒడ్డున తుంగను పంటగా వేస్తారు. తిరునెల్వేలి జిల్లా పత్తమడై చాపలకు భౌగోళిక గుర్తింపు ఉంది. పశ్చిమ బెంగాల్ మేదినీపూర్ ప్రాంతపు తుంగ చాపలకు 2018లో అదే గుర్తింపు దక్కింది.

శిఖం మాటేమిటి?

అసలు చిక్కు ఇక్కడుంది. పూర్తి నీటి మట్టానికీ, వేసవిలో నీరు దిగిపోయే గీతకూ మధ్యనున్న నేలే శిఖం భూమి. ఆక్రమణదారు కన్ను పడేదీ దాని మీదే. తుంగ మొలిచిన చోట నీరు నిలిచేదని ఊళ్లో పసివాడికీ తెలుసు. సర్వే రాయిని రాత్రికి రాత్రి పీకవచ్చు గాని ఎకరాల తుంగను దాచడం కష్టం. దాన్ని ప్రభుత్వమే ఊడ్చి, చదును చేసి, నడక బాట వేసి ఇస్తే బాట వెలుపలి నేల చెరువుది కాదని వాదించడానికి దారి దొరుకుతుంది. కాగితం మీది గీత ఎంత కాపాడుతుందో కొల్లేరును చూస్తే తెలుస్తుంది. 1999లో అయిదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించి, 2006లో చేపల చెరువుల గట్లు కూల్చిన తరువాత కూడా హద్దుల తగవు తీరలేదు. ఇక 2017 నాటి కేంద్ర చిత్తడి నేలల నిబంధనలు సాగునీటి కోసం నిర్మించిన చెరువులను తమ పరిధి నుంచి మినహాయించాయి. కాకతీయుల నాటి చెరువుకూ ఆ రక్షణ వర్తించదు.

తుంగను ఎక్కడా ముట్టుకోరాదని ఎవరూ అనడం లేదు. తూము ముందు, మత్తడి మీద, కట్ట వాలు మీద మొక్కలు పెరిగితే ముప్పే. అక్కడ తీయవలసిందే. కట్టకు ఎదురుగా, వాగు నీరు వచ్చి చేరే వైపున అంచును వదిలి నడుమ భాగం తవ్వాలని అంచనాల్లో ఒక్క వాక్యం చేర్చడానికి ఖర్చేమీ కాదు. చేపలు పట్టే హక్కును మత్స్యకార సంఘాలకు ఇస్తున్నట్టే తుంగ కోసుకునే హక్కును చాపలల్లే కుటుంబాలకు రాసి ఇవ్వవచ్చు. వచ్చే వేసవి పనులకు అంచనాలు తయారయ్యేది శీతాకాలంలోనే. నీటిపారుదల శాఖ ఇంజినీర్లు ఆ వాక్యాన్ని చేర్చారా లేదా అన్నది గ్రామసభలు అప్పుడే అడగాలి, జేసీబీ దిగాక కాదు.