లేబుల్ మీద దేశం - కుట్టిన స్త్రీల శ్రమ

పోయిన సంక్రాంతికి మా వదిన కూతురు అమెరికా నుంచి వస్తూ అందరికీ బట్టలు తెచ్చింది. మా వదిన తనకిచ్చిన స్వెట్టరు తిప్పి చూసి, మెడ దగ్గర పట్టీ మీద 'మేడ్ ఇన్ బంగ్లాదేశ్' అని ఉండటంతో మొహం చిన్నబుచ్చుకుంది. "అంత దూరం నుంచి మోసుకొచ్చి, చివరికి బంగ్లాదేశ్‌దా! దీనికి అంత డబ్బు పోశావేమే?" అంది. కాసేపటికి మనవడి చొక్కా మీద 'మేడ్ ఇన్ ఇండియా' అని కనబడితే, "మనదైతే నాలుగు కాలాలు మన్నుతుంది" అని మురిసిపోయింది. అందరం నవ్వుకున్నాం. కానీ ఆ మాటలు నన్ను వదల్లేదు. మా వీధిలో ఒక అమ్మాయి ఎనిమిదేళ్లుగా ఎగుమతి దుస్తుల ఫ్యాక్టరీలో కుడుతోంది. ఆమె కుట్టిన చొక్కా తిప్పి చూసి, అమెరికాలో ఎవరో ఒకామె 'ఇండియాదా!' అని పెదవి విరుస్తూనే ఉంటుంది కదా!

ఆ అమ్మాయినే అడిగాను, మంచి బట్ట, నాసి బట్ట ఎలా తేడా వస్తుందని. "అది మా చేతుల్లో ఏముంది పిన్నీ? గుడ్డ ఏది, దారం ఏది, అంగుళానికి ఎన్ని కుట్లు పడాలి, గుండీ ఎక్కడుండాలి అన్నీ కొనేవాళ్లే రాసి పంపుతారు. ఒకే లైన్లో ఈ వారం ఖరీదైన కంపెనీ లేబుల్, వచ్చే వారం చవక కంపెనీ లేబుల్ కుడతాం. కుట్టు తప్పితే చెకింగులో పీసు వెనక్కొస్తుంది, తిట్లు మాకు పడతాయి" అంది. ఖరీదైన చొక్కా కుట్టిన వారం జీతం ఏమైనా పెరుగుతుందా అని అడిగితే నవ్వేసింది.

ఆమె నవ్వులోనే మనకు కావలసిన జవాబు ఉంది. నాణ్యతను నిర్ణయించేది కొనే కంపెనీ ఇచ్చే ఆర్డరు. పలచని గుడ్డ, వదులు కుట్టు చాలు అని అడిగితే అదే వస్తుంది. గట్టిగా కావాలని, అందుకు తగిన ధర ఇస్తే అదే చేతులు గట్టిగా కుట్టి పంపుతాయి. ఇక మనం దుకాణంలో చెల్లించే ధరలో గుడ్డ, రవాణా, సుంకాలు, దుకాణం అద్దె, ప్రకటనల ఖర్చు, కంపెనీ లాభం అన్నీ కలిసి ఉంటాయి. కుట్టిన మనిషి కూలి అందులో చాలా చిన్న భాగం. ఆ కూలి కొంత పెంచినంత మాత్రాన చొక్కా ధర ఆకాశాన్నంటదు.

మరి ఏ దేశంలో కుట్టాలి అనేది ఎవరు నిర్ణయిస్తారు? 1974లో ధనిక దేశాలు బహుళ నూలు ఒప్పందం పేరుతో ఒక్కొక్క పేద దేశం నుంచి ఎంత బట్ట దిగుమతి చేసుకోవాలో కోటాలు పెట్టాయి. ఒక దేశం కోటా అయిపోతే కంపెనీలు కోటా మిగిలిన దేశం వెతుక్కుంటూ పోయాయి. బంగ్లాదేశ్‌లో దుస్తుల పరిశ్రమ పెరగడానికి అదొక ముఖ్య కారణం. 2005 జనవరి 1 నాటికి కోటాలు పోయాయి. తక్కువ కూలి, తక్కువ సుంకం ఎక్కడుంటే అక్కడికి వెళ్లే పద్ధతి మాత్రం పోలేదు. పైగా పత్తి ఒక దేశంలో పండి, నూలు మరో దేశంలో వడికి, గుడ్డ ఇంకో దేశంలో నేసినా లేబుల్ మీద సాధారణంగా కుట్టిన దేశం పేరొక్కటే ఉంటుంది.

దేశం పేరు చూసి సరుకును తక్కువ చేయడం కొత్తేమీ కాదు. 1887లో బ్రిటన్ ఒక చట్టం తెచ్చి విదేశీ సరుకుల మీద ఏ దేశంలో తయారైందో ముద్ర వేయాలంది. జర్మనీ సరుకు నాసిరకమని జనం గుర్తుపట్టి దూరంగా ఉండాలని దాని ఉద్దేశం. కొన్నేళ్లలోనే 'మేడ్ ఇన్ జర్మనీ' అనేది మంచి సరుకుకు గుర్తయింది. అవమానం కోసం వేసిన ముద్ర గౌరవంగా మారిందంటే, ముద్రలో ఉన్నది సరుకు గుణమా, మన అభిప్రాయమా?

ధనిక దేశం పేరుంటే కుట్టినవాళ్లు సుఖంగా ఉన్నారనీ అనుకోలేం. 1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ బ్లౌజుల ఫ్యాక్టరీలో మంటలు లేస్తే, తలుపుకు తాళం వేసి ఉండటంతో చాలామంది బయటపడలేకపోయారు. చనిపోయిన 146 మందిలో ఎక్కువమంది వలస వచ్చిన యువతులే. 1990లలో పసిఫిక్ సముద్రంలోని సైపాన్ దీవిలో, ఆసియా దేశాల నుంచి అప్పులు చేసి వచ్చిన స్త్రీలు కుట్టిన బట్టలకు 'మేడ్ ఇన్ యూఎస్ఏ' లేబుల్ ఉండేది, ఆ దీవి అమెరికా అధీనంలోనిది కాబట్టి. అక్కడి పరిస్థితులపై 1999లో కోర్టుల్లో దావాలు పడ్డాయి. 2013 డిసెంబరు 1న ఇటలీలోని ప్రాటో పట్టణంలో దుస్తుల కార్ఖానా కాలిపోయి, అందులోనే పడుకుంటున్న చైనా కార్మికులు ఏడుగురు చనిపోయారు.

అదే సంవత్సరం ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో రాణా ప్లాజా కూలింది. ముందురోజే గోడలు బీటలు వారాయి. కింద ఉన్న బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పై అంతస్తుల్లో కుట్టేవాళ్లను మాత్రం పనిలోకి రమ్మన్నారు. 1,100 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది స్త్రీలే. శిథిలాల్లో దొరికిన లేబుళ్లు యూరప్, అమెరికా కంపెనీలవి.

అయితే దేశానికి అసలు అర్థమే లేదా? ఉంది. కనీస వేతనం ఎంత, సంఘం పెట్టుకునే హక్కు ఉందా, తనిఖీ సరిగా జరుగుతుందా అనేవి ఆ దేశపు చట్టాల మీదే ఆధారపడతాయి. అవీ వాటంతటవే రావు. రాణా ప్లాజా తర్వాత కార్మిక సంఘాల ఒత్తిడితోనే కంపెనీలు భవనాల భద్రతకు కట్టుబడే ఒప్పందంపై సంతకాలు చేశాయి. 2023లో బంగ్లాదేశ్ కార్మికులు నెలకు 23,000 టాకాలు కావాలని వీధుల్లోకి వస్తే 12,500 ఇచ్చారు. మన పక్కనే బెంగళూరులో 2016 ఏప్రిల్‌లో వేలాది మంది దుస్తుల కార్మిక స్త్రీలు రోడ్డెక్కితే, భవిష్యనిధి సొమ్ము తీసుకోవడంపై పెట్టిన ఆంక్షలను కేంద్రం వెనక్కి తీసుకుంది.

పోచంపల్లి ఇక్కత్‌కు ఊరి పేరు నాణ్యతకు గుర్తు. ఆ నేత తరతరాలుగా ఆ చేతుల్లో ఉంది కాబట్టి. లక్షల పీసులుగా తయారయ్యే చొక్కా విషయంలో దేశం పేరు చెప్పేది ఎక్కువగా కూలి రేటునే.

కాబట్టి ఫలానా దేశం బట్ట కొనం అని తీర్మానం చేసుకుంటే మనకు తృప్తి కలగవచ్చు. పని పోయేది మాత్రం మన లాంటి ఆడవాళ్లకే. బట్ట బాగుందో లేదో కుట్టు లాగి చూసి, గుడ్డ వెలుతురులో పెట్టి చూసి తెలుసుకుందాం. దేశం పేరుతో ఆ స్త్రీలను తక్కువ చేయడం మానేద్దాం. ఏ ఫ్యాక్టరీలో, ఎంత కూలికి, ఎలాంటి పరిస్థితుల్లో కుట్టించారో కంపెనీలు బయటపెట్టాలని అడుగుదాం. మన ఊళ్లలో ఉన్న దుస్తుల ఫ్యాక్టరీల్లో కనీస వేతనం, మరుగుదొడ్డికి వెళ్లే స్వేచ్ఛ, సంఘం పెట్టుకునే హక్కు ఉన్నాయా అని ముందు మనమే వెళ్లి కనుక్కుందాం.

మా వదిన ఈ చలికాలం అంతా ఆ స్వెట్టరే వేసుకుంది. ఒక్క పోగు ఊడలేదు.