ఆటకు ముందు అంకెల తూకం

ఏటా నవంబరు చివరి వారం వచ్చిందంటే అమెరికాలోని ఒహాయో, మిషిగన్ రాష్ట్రాల్లో ఒక పట్టిక ఫోన్ల నుంచి ఫోన్లకు తిరుగుతుంది. ఒక పక్క ఒహాయో స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు, ఇంకో పక్క మిషిగన్ యూనివర్సిటీ జట్టు. మధ్యలో వరుసగా అంకెలు: ఆటకు సగటున ఎన్ని గజాలు సాధించారు, ఎన్ని వదిలారు, ఎన్ని పాయింట్లు తెచ్చుకున్నారు, ఎన్ని ఇచ్చారు, బంతిని ఎన్నిసార్లు పోగొట్టుకున్నారు. దాన్ని చూసి కొందరు ఆట అప్పుడే ముగిసినట్టు మాట్లాడతారు. మరికొందరు ఆ కాగితం చించి పారేయమంటారు. ఈ రెండు జట్లూ తలపడే రోజున అప్పటిదాకా సాగిన సీజన్‌తో పనే లేదన్నది వాళ్ల వాదన. 1897లో మొదలైన పోటీ కాబట్టి రెండు వర్గాలకూ ఉదాహరణలకు కొదవ లేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పట్టికను చించాల్సిన పని లేదు, దాన్ని తీర్పుగా నమ్మాల్సిన పనీ లేదు. ఈ పోటీలో జనాన్ని నివ్వెరపరిచిన ఫలితాలు చాలావాటికి ముందస్తు హెచ్చరిక అంకెల్లోనే ఉంది. అయితే అది అందరూ చూసే పై వరుసలో లేదు.

ఈ ఆటతో పరిచయం లేనివారి కోసం కాస్త వివరం. మైదానం పొడవు 100 గజాలు. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు, వాటినే డౌన్లు అంటారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు జరిగితే మళ్లీ నాలుగు దొరుకుతాయి, అదే ఫస్ట్ డౌన్. బంతిని పట్టుకుని పరుగెత్తవచ్చు, లేదా క్వార్టర్‌బ్యాక్ విసిరితే అందుకోవచ్చు. అవతలి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. అంత దూరం వెళ్లలేకపోతే బంతిని కాలితో తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పంపవచ్చు. అది ఫీల్డ్ గోల్, మూడు పాయింట్లు. దాడి చేసే పదకొండు మంది (అఫెన్స్) వేరు, ఆపే పదకొండు మంది (డిఫెన్స్) వేరు. ఒహాయో స్టేట్ అఫెన్స్ ఎదురుగా నిలబడేది మిషిగన్ డిఫెన్సే. అందువల్ల రెండు జట్ల అఫెన్సులను పక్కపక్కన పెట్టి ఎవరిది గొప్ప అని అడిగితే, మైదానంలో ఎన్నడూ జరగని పోటీకి జవాబు వస్తుంది. పట్టికను అడ్డంగా కాక ఐమూలగా చదవాలి. ఒహాయో స్టేట్ ఉన్న కొలంబస్‌లోనూ, మిషిగన్‌లోని డెట్రాయిట్ చుట్టుపక్కల ఊళ్లలోనూ స్థిరపడి, పిల్లలను ఈ కాలేజీలకు పంపిన తెలుగువాళ్లు ఈ ఆట నేర్చుకునేటప్పుడు ముందుగా పట్టుకోవాల్సిన సంగతి ఇదేనని నాకనిపిస్తుంది.

అంకెలను నమ్మేవారి వైపు నుంచి మొదలుపెడదాం. 2025లో ఒహాయో స్టేట్ మిషిగన్ సొంత ఊరైన ఆన్ ఆర్బర్‌కు వెళ్లేనాటికి దేశంలోకెల్లా తక్కువ పాయింట్లు ఇస్తున్న డిఫెన్స్ వాళ్లది. ఆ రోజు మిషిగన్‌కు ఒక్క టచ్‌డౌన్ కూడా దక్కలేదు. 27-9తో ఆట ముగిసింది. పట్టిక ఏం చెప్పిందో అదే జరిగింది. ఇలాంటి ఆటలు ఎవరికీ గుర్తుండవు. అనుకున్నట్టే జరిగినదాన్ని కథగా ఎవరూ చెప్పుకోరు కదా. తలకిందులైన ఆటలే దశాబ్దాల పాటు నోళ్లలో నానుతాయి. ఈ పోటీకి రికార్డులు పనికిరావన్న నమ్మకం ఇంత గట్టిపడటానికి ఆ జ్ఞాపకాల ఎంపిక చాలావరకు కారణం.

అయినా ఎదుటివారి ఉదాహరణలను తేలిగ్గా తీసేయలేం. 1950 నవంబరు 25న కొలంబస్‌లో మంచు తుపానులో ఆడారు. మిషిగన్ ఆ రోజంతా ఒక్క ఫస్ట్ డౌన్ కూడా సాధించలేదు. ఒక్క పాస్ కూడా చేరలేదు. మొత్తం ముందుకు వెళ్లింది 27 గజాలు. బంతిని పంట్ చేసి, అంటే కాలితో దూరంగా తన్ని, అవతలివాళ్లకు అప్పగించింది 24 సార్లు. గెలిచింది మాత్రం మిషిగనే, 9-3. ఒహాయో స్టేట్ చేసిన పంట్లను అడ్డుకుని ఒకదానితో రెండు పాయింట్లు, మరొకదానితో టచ్‌డౌన్, దాని వెంట వచ్చే అదనపు పాయింటు రాబట్టుకుంది. అఫెన్స్, డిఫెన్స్ అని రెండే గళ్లు గీసిన పట్టికలో ఈ గెలుపుకు చోటే ఉండదు. తన్నే ఆట మూడో విభాగం. పంట్, ఫీల్డ్ గోల్, వాటిని అడ్డుకోవడం అన్నీ అందులోకే వస్తాయి. ఈనాటికీ చాలా పోలికల్లో ఆ గడి అడుగున ఉంటుంది, లేదా అసలుండదు.

1969 ఇంకో రకం. వరుసగా 22 ఆటలు గెలిచి, దేశంలో మొదటి స్థానంలో ఉన్న ఒహాయో స్టేట్, కోచ్ వుడీ హేస్ జట్టు, ఆన్ ఆర్బర్‌కు వచ్చింది. ఎదురుగా మిషిగన్‌కు తొలి ఏడాది కోచ్ బో షెంబెక్లర్, ఒకప్పుడు హేస్ దగ్గరే సహాయకుడు. ఆ రోజు ఒహాయో స్టేట్ విసిరిన పాసుల్లో ఆరింటిని మిషిగన్ పట్టేసుకుని 24-12తో గెలిచింది. ప్రత్యర్థి ఆలోచనను లోపలి నుంచి తెలిసిన మనిషి ఒక ఏడాదంతా ఒక్క ఆటకు సిద్ధమైతే ఏమవుతుందో ఏ సగటూ చెప్పదు. ఈ విషయంలో పట్టికను నమ్మనివారితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

కానీ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది 2006. రెండు జట్లూ 11-0, అంటే పదకొండు గెలుపులు, ఓటమి లేదు. ఒహాయో స్టేట్ ఒకటో ర్యాంకు, మిషిగన్ రెండు. పట్టికలో కళ్లు చెదిరే అంకె మిషిగన్‌ది: ప్రత్యర్థులు పరుగెత్తి సాధించింది ఆటకు సగటున సుమారు 30 గజాలే. ఆ గోడను ఎవరూ దాటలేరనుకున్నారు. ఒహాయో స్టేట్ 187 గజాలు పరుగెత్తింది. ఆంటోనియో పిట్‌మన్ 56 గజాల టచ్‌డౌన్, క్రిస్ వెల్స్ 52 గజాల టచ్‌డౌన్ కొట్టారు. 42-39తో ఒహాయో స్టేట్ గెలిచింది.

ఆ 30 ఎలా వచ్చిందో విడదీసి చూడాలి. కాలేజీ ఫుట్‌బాల్ లెక్కల్లో ఒక వింత ఉంది. పాస్ విసరబోయిన క్వార్టర్‌బ్యాక్‌ను వెనకే పడగొడితే, అంటే శాక్ చేస్తే, పోయిన గజాలను పరుగు ఖాతాలోంచి తీసేస్తారు. వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో వాటిని పాస్ ఖాతాలోంచి తీస్తారు. కాబట్టి క్వార్టర్‌బ్యాక్ మీదికి బాగా దూకే కాలేజీ డిఫెన్స్‌కు, పరుగును ఆపే శక్తి ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. దీనికి తోడు, వెనకబడిన జట్టు గడియారం తరుముతుంటే పరుగు మానేసి పాసులే విసురుతుంది. ఎప్పుడూ ఆధిక్యంలో ఉండే జట్టు మీద పరుగెత్తేవాళ్లే తక్కువ. మిషిగన్ ఆ ఏడాది అప్పటిదాకా ఆడిన పదకొండూ గెలిచింది. ఆ చిన్న అంకెలో మంచి డిఫెన్స్ ఎంత, మిగతా రెండు కారణాలు ఎంత అన్నది శాకులు తీసేసి, ప్రయత్నానికి ఎన్ని గజాలని చూస్తే కొంతైనా తేలేది.

ఆవేశం గురించి కూడా ఈ ఆటే ఎక్కువ చెబుతుంది. ఆటకు ముందు రోజు, 2006 నవంబరు 17న, బో షెంబెక్లర్ చనిపోయారు. మిషిగన్ కుర్రాళ్లు ఆ దుఃఖంతోనే కొలంబస్‌లో దిగారు. గుండె బలమే ఫలితాన్ని నిర్ణయించేదైతే ఆ సాయంత్రం వాళ్లకు అంతకుమించిన కారణం ఉండదు. ఓడిపోయారు. పోటీలో వైరం ఇద్దరికీ సమానంగా ఉంటుంది. అది ఆట తీవ్రతను పెంచుతుందని ఒప్పుకుంటాను. ఒకవైపుకే తోస్తుందని చెప్పడానికి మాత్రం ఆధారం కనబడదు.

2018లో దేశంలో అతి తక్కువ గజాలు ఇస్తున్న డిఫెన్స్ మళ్లీ మిషిగన్‌దే. ఒహాయో స్టేట్ అంతకు ముందు వారమే మేరీలాండ్‌కు 51 పాయింట్లిచ్చి, అదనపు సమయంలో 52-51తో బయటపడింది. పట్టిక ప్రకారం మిషిగన్‌దే మొగ్గు. జరిగింది 62-39, ఒహాయో స్టేట్ వైపు. మిషిగన్ మనిషికి మనిషిని కాపలా పెట్టే పద్ధతి. మైదానాన్ని అడ్డంగా కోస్తూ పరుగెత్తే ఒహాయో స్టేట్ రిసీవర్ల (పాస్ అందుకునేవాళ్ల) వెంట ఆ కాపలాదారులు ఉండలేకపోయారు. ఒహాయో స్టేట్ తరఫున డ్వేన్ హాస్కిన్స్ 396 గజాలు విసిరాడు. ఆ సీజన్లో ఈ రెండు జట్లూ ఆడే బిగ్ టెన్ కాన్ఫరెన్స్ పాస్ రికార్డులు తిరగరాసిన క్వార్టర్‌బ్యాక్ అతను. అంత వేగమున్న పాస్ దాడి మీద ఈ డిఫెన్స్‌కు అప్పటిదాకా పరీక్ష జరగలేదు. జరగని పరీక్షలో మార్కులు సగటులో ఎక్కడినుంచి వస్తాయి?

2021లో పాత్రలు మారాయి. ఒహాయో స్టేట్ అఫెన్స్ దేశంలో మొదటిది. ముందు వారం మిషిగన్ స్టేట్ (ఇది వేరే యూనివర్సిటీ) మీద 56-7, అందులో 49 పాయింట్లు మొదటి సగంలోనే. కానీ పాసులను ఆపడంలో ఆ ఏడాది దేశంలో అట్టడుగున ఉన్నది ఆ మిషిగన్ స్టేటే. చప్పటి వికెట్ మీద నాసి బౌలింగ్‌ను ఉతికి తెచ్చుకున్న రంజీ సగటును టెస్టుకు ముందు ఎంత నమ్ముతామో, దీన్నీ అంతే నమ్మాలి. సెప్టెంబరులో ఆరిగన్ జట్టు కొలంబస్‌కే వచ్చి ఒహాయో స్టేట్ మీద 269 గజాలు పరుగెత్తి 35-28తో గెలిచింది. ఆ గాయం ఎక్కడుందో అప్పుడే తెలిసింది. తర్వాత బలహీన జట్ల మీద వచ్చిన పెద్ద గెలుపులు సగటును పైకి లాగి దాన్ని కప్పేశాయి. నవంబరులో, మంచు పడుతుండగా, మిషిగన్ 297 గజాలు పరుగెత్తింది. హసన్ హాస్కిన్స్ ఒక్కడే ఐదు టచ్‌డౌన్లు చేశాడు. 42-27.

మరుసటి ఏడాది సగటు దాచే మరో సంగతి బయటపడింది. 2022లో మిషిగన్ 45-23తో గెలిచింది. గజాల్లో తేడా అంత లేదు, 530కి 492. కానీ మిషిగన్ గజాల్లో 349 కేవలం ఐదు ప్లేల్లో వచ్చాయి, ఐదూ టచ్‌డౌన్లే. ఓపిగ్గా నాలుగేసి గజాలు ఇచ్చే డిఫెన్స్, అప్పుడప్పుడు ఒక్కసారిగా 75 ఇచ్చే డిఫెన్స్, ఈ రెండూ సగటులో ఒకేలా కనిపిస్తాయి.

ఈ ఏళ్ల మిషిగన్ విజయాల గురించి చెప్పేటప్పుడు ఇంకోటి దాచకూడదు. రాబోయే ప్రత్యర్థుల ఆటలకు మనుషులను పంపి వాళ్ల కోచ్‌ల సంకేతాలను సేకరించారన్న కేసులో కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ 2025 ఆగస్టులో మిషిగన్‌ను శిక్షించింది. విజయాలు మాత్రం రద్దు కాలేదు. ఒహాయో స్టేట్ అభిమానుల కోపం నాకు న్యాయంగానే తోస్తుంది. అయితే 2021లో మధ్య వరుసను చీల్చుకుంటూ సాగిన పరుగంతా సంకేతాల పుణ్యమే అనడం నాకు మింగుడుపడదు.

ఇక 2024, ఇద్దరి వాదనలకూ గట్టి పరీక్ష. ఒహాయో స్టేట్ రెండో ర్యాంకు, దాదాపు 20 పాయింట్ల ఫేవరెట్. మిషిగన్ 6-5, దాని పాస్ దాడి దేశంలో అడుగు వరుసల్లో ఉంది. ఆ రోజు కూడా మిషిగన్ పాసుల్లో సాధించింది 62 గజాలే, పైగా రెండుసార్లు బంతి ప్రత్యర్థి చేతికి చిక్కింది. ఆ విషయంలో పట్టిక తప్పలేదు. కానీ ఒహాయో స్టేట్ పరుగు 77 గజాల దగ్గర ఆగిపోయింది, రెండు ఫీల్డ్ గోల్స్ గురి తప్పాయి, 13-10తో మిషిగన్ గెలిచింది. ఒహాయో స్టేట్ అప్పటికే క్వార్టర్‌బ్యాక్ ముందు లైన్‌లో నిలబడే ఐదుగురిలో లెఫ్ట్ టాకిల్‌నూ సెంటర్‌నూ గాయాలతో కోల్పోయింది. వాళ్లున్నప్పటి ఆటలన్నీ సీజన్ సగటులో కలిసే ఉన్నాయి. ఎదురుగా మిషిగన్ డిఫెన్స్‌లో మేసన్ గ్రాహమ్, కెన్నెత్ గ్రాంట్, ఇద్దరూ ఆ తర్వాతి ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్ల ఎంపిక) మొదటి రౌండులో ఎంపికైనవాళ్లు. ఆ ఇద్దరి మధ్యలోంచే పరుగెత్తాలని పట్టుబట్టడం నా దృష్టిలో కోచింగ్ లోపం, దాన్ని వైరం ఖాతాలో వేయడం సరికాదు.

ఇక్కడ అంకెలవాళ్లకు ఇవ్వాల్సింది ఇచ్చేయాలి. అదే ఒహాయో స్టేట్ ఆ ఓటమి తర్వాత ప్లేఆఫ్‌లో టెన్నెసీ, ఆరిగన్, టెక్సస్, నోటర్ డామ్ జట్లను వరసగా ఓడించి జాతీయ విజేత అయింది. అది గొప్ప జట్టని సీజన్ పట్టిక చెప్పింది నిజమే. ఒక్క శనివారం ఎలా ఉంటుందన్నది వేరే ప్రశ్న, దాన్ని అదే కాగితంతో అడగడం వల్లనే చిక్కు.

వచ్చే నవంబరులో పట్టిక చేతికొస్తే మొత్తం గజాల వరుసను నేను చివర చూస్తాను. ముందుగా శాకులు తీసేసిన పరుగు లెక్క, ప్రయత్నానికి ఎన్ని గజాలని. తర్వాత, గట్టి జట్ల మీద ఆడిన మూడు నాలుగు ఆటలు విడిగా. ఇప్పుడు లైన్‌లో నిలబడే ఐదుగురూ కలిసి ఆడిన ఆటల్లో ఏమైందన్నది ఆ పైన. వాతావరణ సూచనలో మంచో పెనుగాలో ఉంటే పాస్ అంకెలకు సగం విలువే ఇస్తాను, కిక్కర్ల లెక్కకు రెట్టింపు ఇస్తాను. ఇదే పద్ధతిని 2024కు పెట్టి చూస్తే ఒహాయో స్టేటే గెలుస్తుందని వస్తుంది, కాకపోతే తేడా 20 పాయింట్లు కాదు, నాలుగో ఐదో ఉండేది.