దంతవైద్య ప్రవేశమూ – భైంసా విద్యార్థీ

బాసర సరస్వతీ సన్నిధిలో పలక పట్టి అక్షరాలు దిద్దిన పిల్లలు భైంసా ప్రాంతంలో ఇంటింటా ఉంటారు. వారిలో కొందరు పదిహేడు పద్దెనిమిదేండ్ల ప్రాయానికి మరొక విధమైన దిద్దుడుకు కూర్చుంటున్నారు. అక్కడ దిద్దవలసినవి అక్షరాలు కావు, సున్నాలు. నాలుగు సున్నాలలో సరియైనదానిని కలంతో నింపితే నాలుగు మార్కులు వస్తాయి. తప్పుదానిని నింపితే ఉన్నవాటిలోనుంచి ఒకటి పోతుంది. 2025లో జరిగిన రీతిని చూస్తే నూట ఎనభై ప్రశ్నలు, మూడు గంటల కాలం, 720 మార్కులు. నీట్ అని పిలువబడే అఖిల భారత ప్రవేశపరీక్ష స్వరూపమిది. ఎం.బి.బి.ఎస్. కోరేవారికీ, దంతవైద్య పట్టమైన బి.డి.ఎస్. కోరేవారికీ ఉన్న ద్వారం ఇదొక్కటే. తెలంగాణలో 2016 వరకు ఎంసెట్ నిర్వహించిన ఈ పని 2017 నుండి నీట్‌కు సంక్రమించినది.

ద్వారం ఒకటే కావడంవల్ల ఒక చిత్రమైన స్థితి ఏర్పడినది. దంతవైద్యుడు కావలెనని సంకల్పించి పుస్తకం పట్టే విద్యార్థి బహు అరుదు. అందరూ వైద్యపట్టం కోసమే చదువుతారు. ర్యాంకు దిగజారిన పిదప, గుడ్డిలో మెల్ల అన్నట్లు, కొందరి చూపు పండ్లమీదికి మళ్ళుతుంది. 2020–21 విద్యాసంవత్సరంలో దేశంలో ఏడువేలకు పైగా బి.డి.ఎస్. సీట్లు ఖాళీగా మిగిలినవి. 2021 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు కల్పించుకొని, ఆ ఏటి ప్రవేశాలకు కావలసిన కనీసార్హతను పది పర్సెంటైళ్ళు తగ్గించవలసి వచ్చినది. ఒకవైపు లక్షలాది పిల్లలు సీటు దొరకక కన్నీరు పెడుతుంటే, మరొకవైపు వేలాది కుర్చీలు ఖాళీ! రుసుములు భరించలేనివి కావడం దీనికొక కారణమే. అయితే ఈ వృత్తిని మిగులు సరకుగా చూడడం కూడా తక్కువ కారణం కాదు.

ఈ చదువు అట్టి చులకనకు తగినది కాదని దాని చరిత్రే చెబుతుంది. రఫీయుద్దీన్ అహమ్మద్ అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో దంతవైద్యం చదివి వచ్చి, 1920లో కలకత్తాలో దేశపు మొదటి దంతవైద్య కళాశాలను స్థాపించాడు. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చినది. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959 నాటిది. నాలుగేండ్ల చదువు, ఒక యేడు ఆసుపత్రి సేవ: మొత్తం ఐదేండ్ల దీక్ష అది. పొగాకు నమిలే అలవాటు పల్లెపల్లెనా పాతుకొన్న దేశంలో నోటి పుండు మామూలు పుండా, మరొకటా అని మొదట అనుమానించవలసినవాడు తరచు దంతవైద్యుడే అవుతాడు.

ఇక పరీక్షకే వద్దాం. ఇందులో అందరికీ తెలియని విడ్డూరమొకటి ఉన్నది. పదకొండవ తరగతి ఎన్.సి.ఇ.ఆర్.టి. జీవశాస్త్రంలో జీర్ణక్రియను గురించిన అధ్యాయముండేది. మానవుని దంతాలు ఎముక గుంటలలో నాటుకొని ఉంటాయనీ, ఎక్కువ భాగం రెండు మార్లు మొలుస్తాయనీ, కుంతకాలు, రదనికలు, అగ్రచర్వణకాలు, చర్వణకాలు అని నాలుగు విధాలనీ అందులోనే ఉండేది. పాఠ్యభారం తగ్గించే పేరిట ఆ అధ్యాయాన్ని తొలగించారు. 2024 నుండి నీట్ పాఠ్యప్రణాళికలోనూ దానికి చోటు లేకపోయినది. దంతవైద్య కళాశాలలో అడుగుపెట్టగోరే విద్యార్థి పంటి నిర్మాణం ఎరుగకుండానే లోపలికి పోవచ్చునన్నమాట! తెలుగు అకాడమీవారి ద్వితీయ సంవత్సర జంతుశాస్త్రంలో మాత్రం ఈ పాఠం చిరకాలంగా ఉంటూ వచ్చినది. దానిని ‘నీట్‌లో రాదు’ అని దాటవేసే అధ్యాపకులు మార్కుల లెక్కలో పొరబడినట్లు కాదు. కాని పిల్లవానికి తన నోటిలోని ముప్పదిరెండింటి సంగతి చెప్పకుండా పంపడం ఏ విద్య?

పరీక్ష కొలవని గుణం మరొకటి ఉన్నది. అది చేతి నేర్పు. బి.డి.ఎస్. మొదటి యేడు విద్యార్థి చేతికి మైనపు ముద్ద ఇచ్చి, కొలతలు తప్పకుండా పన్ను చెక్కమంటారు. ఆ గదిలో ర్యాంకు అక్కరకు రాదు. అమెరికాలో 1950లో దేశవ్యాప్తంగా ప్రారంభమైన దంతవైద్య ప్రవేశపరీక్షలో అభ్యర్థులు సుద్దముక్కను చెక్కి చూపవలసి ఉండేది. 1970ల తొలిరోజులలో దాని స్థానే ఆకారాలను మనసులో త్రిప్పి గుర్తించే కాగితపు ప్రశ్నలు వచ్చినవి. కెనడాలో సబ్బు చెక్కుడు పరీక్ష ఇంకను చాలాకాలం సాగినది. భైంసాకు పొరుగుననే నిర్మల్ ఉన్నది. పొనికి కొయ్యను చెక్కి, రంగులద్ది, పండనుకొని నోట పెట్టుకొనేంత సహజంగా బొమ్మను నిలబెట్టే నకాషీల ఊరది. ఆ ఇంటి పిల్లవాని వ్రేళ్ళలోని విద్యకు 720లో ఒక్క మార్కు కూడా లేదు. పద్ధతిని మార్చడం పాఠశాల ఉపాధ్యాయుని చేతిలో లేదు, నిజమే. ఎనిమిదవ తరగతిలో పిల్లలచేత సుద్దముక్కతో ఒక చర్వణకాన్ని చెక్కించడం మాత్రం ఆయన చేతిలోనే ఉన్నది. ఏ పిల్లవానికి ఆ పని ఇష్టమో అప్పుడే తెలుస్తుంది.

తయారీ విషయంలో ఒక చిన్న లెక్క. ‘తెలియని ప్రశ్నను ముట్టుకోవద్దు’ అని పిల్లలకు గట్టిగా చెప్పడం పరిపాటి. నాలుగు జవాబులలో దేనినో కళ్ళు మూసుకొని ఎన్నుకొన్నా సగటున వచ్చేది ఒక మార్కు, పోయేది ముప్పావు. మిగులు పావు మార్కు. అది జూదమే కావచ్చు. కాని రెండు జవాబులు తప్పని నిశ్చయంగా తోసివేయగలిగితే, మిగిలిన రెంటిలో ఒకదానిని ఎన్నుకోవడంవల్ల సగటున ఒకటిన్నర మార్కు లాభం. సగం తెలిసినదానికి కూడా విలువ ఉన్నదని ఈ లెక్క చెబుతుంది. భయంతో ఖాళీగా వదలిన సున్నాలు ఎందరి ర్యాంకును దిగలాగుతున్నవో!

భాష సంగతి మరింత చిక్కైనది. ప్రశ్నపత్రాన్ని తెలుగులో కోరవచ్చు; ప్రక్కనే ఆంగ్లమూ ఉంటుంది. అనువాదంలో సందేహం వస్తే ఆంగ్లపాఠమే ప్రమాణం. కాబట్టి తెలుగు మాధ్యమంలో చదివేవారికి తొమ్మిదవ తరగతి నుండే ప్రతి పారిభాషిక పదాన్ని రెండు భాషలలోనూ వ్రాయించడం మేలు. ‘కిరణజన్య సంయోగక్రియ’ అని గడగడ చెప్పగల పిల్ల ‘ఫోటోసింథసిస్’ అన్న మాట చూచి తడబడితే దోషం ఆమెది కాదు. సగం ప్రశ్నలు జీవశాస్త్రానివే కావడంవల్ల ఇట్టివారు అక్కడ నిలద్రొక్కుకొంటారు, భౌతికశాస్త్రంలో జారిపోతారు. అక్కడ కంఠస్థం నడవదు, కాగితంమీద చేయి ఆడవలె.

భైంసాకు తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ ఇంటిభాషలే. సరిహద్దు దాటితే నాందేడ్, ఆపైన లాతూరు. రెండూ వైద్యప్రవేశ శిక్షణకు పేరుపడ్డ పట్టణాలు. పత్తి అమ్మిన సొమ్ము చేతబట్టుకొని, పదవ తరగతి కాగానే పిల్లవానిని అటు పంపాలనుకొనే తండ్రి ముందుగా ఒక నిబంధన తెలుసుకోవలె. తెలంగాణలో స్థానికుల కోటా సీటుకు అర్హతపరీక్ష వ్రాసే యేటితో ముగిసే వరుస నాలుగేండ్లు ఇక్కడనే చదివి ఉండాలని రాష్ట్రప్రభుత్వం 2024లో నియమం చేసినది. సుప్రీం కోర్టు 2025లో దానిని సమర్థించినది. అంటే ఇంటర్మీడియట్ రెండేండ్లు నాందేడ్‌లో చదివిన భైంసా బాలుడు సొంత రాష్ట్రంలో పరాయివాడు కాగలడు. ఇంటర్మీడియట్ ఇక్కడ ముగించి, అటుపిమ్మట ఒక యేడు శిక్షణకు పోతే ఆ ప్రమాదం లేదు. ఎంత దూరపు తేడా! ఈ విషయాన్ని తొమ్మిదవ తరగతి పిల్లల తల్లిదండ్రులను పిలిచి చెప్పవలసినది బడిపంతులే. శిక్షణాలయాల ప్రకటనలలో అది కనబడదు.

పరీక్ష కేంద్రానికి సంబంధించిన చిక్కు ఇంకొకటి. ఉర్దూ ప్రశ్నపత్రం 2018 నుండి దేశంలోని ఏ కేంద్రంలోనైనా దొరుకుతున్నది. మరాఠీ పత్రం మాత్రం మహారాష్ట్ర కేంద్రాలకే పరిమితం. తానూరు, కుభీరు పల్లెలలో మరాఠీ బడిలో చదువుకొన్న పిల్ల తన భాషలో పరీక్ష వ్రాయాలంటే, ఉన్న ఊరిని, ఉన్న రాష్ట్రాన్ని విడిచి పోవలె. లేదా తనకు రెండవదైన భాషలో వ్రాయవలె. ఉర్దూకు ఇచ్చిన సౌకర్యాన్ని సరిహద్దు జిల్లాల కేంద్రాలలో మరాఠీకి కూడా ఇవ్వడం జాతీయ పరీక్షల సంస్థకు పెద్ద భారం కాదు. అచ్చు వేసిన పత్రాల కట్ట ఒకటి ఇటువైపుకు పంపితే చాలును.