'కఠిన' విచారణ: ఒక విశేషణం ఎవరికి పనికొచ్చింది?

2009 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో పాఠకుల తరఫు సంపాదకుడు క్లార్క్ హోయ్ట్ ఒక చిన్న మార్పు గురించి రాశారు. అల్ ఖైదా ఖైదీల మీద సీఐఏ ప్రయోగించిన పద్ధతులను ఆ పత్రిక అంతవరకూ 'హార్ష్' అనేది, అంటే కఠినమైనవి అని. ఆ నెల నుంచి 'బ్రూటల్', అంటే క్రూరమైనవి అనడం మొదలుపెట్టింది. 'టార్చర్' అన్న మాటను మాత్రం తన సొంత మాటగా ఇంకా రాయలేదు.

ఆ పద్ధతులేమిటో చూడాలి. బట్టలు ఊడదీసి ఉంచడం, గోడకేసి కొట్టడం, రోజుల తరబడి నిద్రపోనివ్వకపోవడం, పలకకు కట్టేసి ముఖం మీద గుడ్డ కప్పి ఊపిరాడకుండా నీళ్లు పోయడం. ఈ చివరిదే వాటర్‌బోర్డింగ్. ఖాలిద్ షేక్ మొహమ్మద్ మీద 2003 మార్చి నెలలోనే దాన్ని 183 సార్లు ప్రయోగించారని అమెరికా ప్రభుత్వ పత్రాలే చెప్పాయి.

హార్ష్ అన్నది రోజూ వినే మాటే. ఎండ హార్ష్, సబ్బు హార్ష్, మేష్టారు హార్ష్. బుష్ ప్రభుత్వం ఈ పద్ధతులకు 'ఎన్‌హాన్స్‌డ్' అని, అంటే మెరుగుపరచినవని, పేరు పెట్టింది. ఆ పేరు వాడటానికి పత్రికలకు మొహం చెల్లలేదు, చిత్రహింస అనడానికి ధైర్యం చాలలేదు. నడిమధ్యన దొరికింది హార్ష్. చిత్రహింస అంటే నేరం పేరు. దాన్ని నిషేధించే ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని అమెరికా 1994లో ఆమోదించింది కూడా. కఠినం అంటే మోతాదు మాత్రమే. మోతాదు ఎక్కువైందా తక్కువైందా అని వాదించుకోవచ్చు గానీ, ఎవరినీ బోనెక్కించలేం.

దీనికి సంపాదకులు చెప్పిన కారణం ఒకటుంది: అది చిత్రహింస అవునా కాదా అన్నదే వివాదం, మేం తీర్పు చెబితే ఒక పక్షం వహించినట్టవుతుంది అని. ఈ వాదన మాకు మింగుడుపడదు. వివాదం లేపిందెవరు? 2002 ఆగస్టులో న్యాయశాఖ రహస్య మెమో ఒకటి రాసింది. అవయవం పనిచేయకుండా పోయేటంత, ప్రాణం పోయేటంత నొప్పి ఉంటేనే చిత్రహింస అని అందులో కొత్త కొలత పెట్టింది. చేసినవాడే కాదంటున్నాడు కనుక వివాదం ఉందన్నమాట!

మరి అంతకుముందు సంగతి? హార్వర్డ్ విద్యార్థులు 2010లో పాత సంచికలు తిరగేశారు. 1930ల నుంచి 1999 వరకు న్యూయార్క్ టైమ్స్‌లో వాటర్‌బోర్డింగ్ గురించి వచ్చిన 54 వ్యాసాల్లో 44 దాన్ని చిత్రహింస అన్నాయి, లేదా ఆ అర్థం వచ్చేలా రాశాయి. 2002-2008 మధ్య 143లో రెండే రెండు అలా రాశాయి. చేసింది వేరే దేశమైతే 33లో 28, అమెరికాయే అయితే 208లో 16. నీళ్లు అవే, పలక అదే.

2014 ఆగస్టు 1న అధ్యక్షుడు ఒబామా తామే కొందరిని చిత్రహింస పెట్టామని నోటితో ఒప్పుకున్నారు. ఆరు రోజులకు, ఇకపై తామూ ఆ మాట వాడతామని న్యూయార్క్ టైమ్స్ సంపాదకుడు డీన్ బాకే ప్రకటించారు. పత్రిక ముందు నడవాల్సిన చోట అధ్యక్షుడి వెనక నడిచింది.

అమెరికా పత్రికలను అన్నాం గానీ, మన తెలుగు పత్రికల నేర వార్తల్లో 'పోలీసులు తమదైన శైలిలో విచారించగా నిందితుడు నేరం ఒప్పుకున్నాడు' అన్న వాక్యం ఎన్నిసార్లు చదవలేదు? ఆ శైలి ఏమిటో రాసినవాళ్లకూ తెలుసు, చదివే మనకూ తెలుసు. అమెరికా 1994లో ఆమోదించిన ఆ ఒప్పందం మీద భారత్ 1997లో సంతకం చేసింది. ఆమోదం మాత్రం ఇంకా తెలపలేదు.