అప్‌డేట్లు ఎన్నేళ్ళు?

"ఫోను లక్షణంగా పనిచేస్తోంది కదా, మాటిమాటికీ అప్‌డేటు చేసుకోమని ఈ పోరెందుకండీ?" అని చాలామంది సోదరీమణులు అడుగుతున్నారు.

ఫోనును నడిపించే సాఫ్ట్‌వేరులో లక్షలాది పంక్తులుంటాయి. తప్పు దొర్లకుండా అంత రాయగలవాడు ఇంకా పుట్టలేదు. 2015లో ఆండ్రాయిడ్‌లో 'స్టేజ్‌ఫ్రైట్' అనే లోపం బయటపడింది. మన నెంబరు తెలిసిన దొంగ వొక మాయదారి వీడియో సందేశం పంపితే చాలు, మనం తెరవకపోయినా ఫోనులో చొరబడే వీలుందని తేలింది. ఆ కలవరంలోనే, ఆ యేడు ఆగస్టునుంచి గూగుల్ తన నెక్సస్ ఫోన్లకు నెలనెలా భద్రతా అప్‌డేట్లు మొదలుపెట్టింది. లోపం సంగతి బయటపడితే అది దొంగకూ తెలుస్తుంది. అప్‌డేటు అందని ఫోను, గొళ్ళెం ఊడిందని ఊరంతటికీ తెలిసిన ఇల్లు వంటిది.

"చేసుకుంటే ఉన్న ఫోను కాస్తా పాడైతే?" ఈ భయమూ వట్టిది కాదు. 2014 సెప్టెంబరులో ఆపిల్ పంపిన 8.0.1 అప్‌డేటుతో కొందరి ఐఫోన్ 6లకు సిగ్నలే పోయింది. కంపెనీ కొద్దిసేపట్లోనే దాన్ని వెనక్కు తీసుకుని, మర్నాడు సరిచేసినది పంపింది. 2016లో ఆండ్రాయిడ్ 7తో వొక మంచి యేర్పాటు వచ్చింది. అది ఉన్న ఫోన్లలో సాఫ్ట్‌వేరు రెండు ప్రతులుగా ఉంటుంది. కొత్తది మొరాయిస్తే ఫోను పాతదానితోనే లేస్తుంది. అయినా ఫోటోలు మరోచోట దాచుకుని, ఛార్జి నిండుగా పెట్టి మొదలుపెట్టడం మంచిది. అప్‌డేటును సెట్టింగులలోనుంచే తీసుకోండి. ఎవరో పంపిన లింకు నొక్కి కాదు.

కొనేటప్పుడు కెమెరా అడుగుతాం, రంగు అడుగుతాం. అప్‌డేట్లు ఎన్నేళ్ళిస్తారని అడగం. గూగుల్ 2023లో పిక్సెల్ 8కు, శామ్‌సంగ్ 2024లో గెలాక్సీ ఎస్24కు ఏడేళ్ళ మాట ఇచ్చాయి. చౌక ఫోన్లలో చాలావాటికి అంత గడువుండదు. పైగా ఆ లెక్క సాధారణంగా మోడలు బజారులోకి వచ్చిననాటినుంచి. మనం కొన్ననాటినుంచి కాదు. తగ్గింపు ధరకు దొరికే పాత మోడలుకు సగం ఆయుష్షు అప్పటికే తీరి ఉండవచ్చు.

మన ఇళ్ళలో పాతబడ్డ ఫోను అత్తగారికో, నాన్నగారికో చేరుతుంది. పెన్షను సందేశాలు, ఓటీపీలు అన్నీ అందులోకే. మోసగాళ్ళు ముందుగా వెతికేది పెద్దవాళ్ళనే. వాళ్ళ చేతికే మనం బలహీనమైన ఫోను పెడుతున్నామన్నమాట! మా ఇంట్లో నెలకొక ఆదివారం అందరి ఫోన్లూ ముందేసుకుని, సెట్టింగులలో భద్రతా అప్‌డేటు తేదీ చూస్తాను. ఏడాది దాటినదైతే, కబుర్లకూ పాటలకూ ఉంచి, బ్యాంకు యాప్‌నూ, ఓటీపీలు వచ్చే సిమ్మునూ మరో ఫోనులోకి మారుస్తాను. మీరూ ఈ ఆదివారం ముందుగా పెద్దవాళ్ళ ఫోను చూడండి.