పటాన్‌చెరు భూగర్భ జలాలు: ఖర్చు ఎవరి ఖాతాలో?

లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్. డాక్టర్ రాసిచ్చే యాంటీబయాటిక్ ఇది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం బయటికి వదిలే నీళ్లలో ఇంత ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు బయటపెట్టారు. అంటే శుద్ధి చేశాక వదిలిన నీళ్లు! సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాలు అక్కడికి వచ్చేవి. 2009లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం చుట్టుపక్కల బావుల్లోనూ మందుల ఆనవాళ్లు ఉన్నాయి.

మరి చేసిందేంటి? 1990లో సుప్రీంకోర్టుకెక్కిన కేసు వల్ల ఊళ్లకు మంచినీళ్లు వచ్చాయి. వ్యర్థ జలాలను 18 కిలోమీటర్ల పైప్‌లైన్ వేసి అంబర్‌పేట ప్లాంటు వైపు మళ్లించారు. అక్కడి నుంచి మూసీలోకి.

ఇవి అవసరమే. కానీ వీటితో భూమి లోపలి నీళ్లు బాగుపడవు. పైనుంచి కొత్త విషం ఆగినా, రాళ్ల పగుళ్లలోకి దిగింది ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. ముందు బావి బావికీ, వానలకు ముందూ తర్వాతా పరీక్షలు చేసి, ఎక్కడిదాకా పాకిందో మ్యాప్ గీయాలి. తోడి శుద్ధి చేయడం ఆ తర్వాతే.

బీకాం చదివినోణ్ణి కాబట్టి నాకిది లెక్కల తేడాలా కనిపిస్తుంది. కంపెనీ ఖాతాలో పడాల్సిన ఖర్చు, క్యాన్ నీళ్ల పేరుతో ఇంటి ఖర్చులో పడుతోంది. రాజస్థాన్‌లోని బిఛ్రీ గ్రామం కేసులో, కాలుష్యం చేసినవాళ్లే బాగుచేసే ఖర్చు భరించాలని 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2011లో రూ.37 కోట్లకు పైగా, 12 శాతం చక్రవడ్డీతో కట్టమంది.

ట్యాంకర్ ఎప్పుడొస్తుందని అడుగుతూనే ఉన్నాం. మా బోరు నీళ్ల రిపోర్టు ఏదని కూడా అడుగుదాం.