ఫోన్ ఎత్తలేదేం?

ఫోన్ దగ్గర లేకపోతే మనకెంత భయమో కొలవడానికి ఒక ప్రశ్నపత్రం ఉంది. దాన్ని అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో ప్రకటించారు. అందులో 20 వాక్యాలుంటాయి. బ్యాటరీ అయిపోతే కంగారు పుడుతుంది, ఇంట్లోవాళ్లకు అందుబాటులో లేనని బెంగగా ఉంటుంది, కావలసింది అప్పటికప్పుడు వెతుక్కోలేకపోతే చిరాకేస్తుంది, ఈ తరహావి. ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా మార్కు వేసుకోవాలి. బొత్తిగా ఒప్పుకోకపోతే 1, పూర్తిగా ఒప్పుకుంటే 7. అంటే అన్నిటికీ అడ్డంగా తలూపినవాడికి కూడా 20 వస్తాయి. ఆ 20 వచ్చినవాడొక్కడే ఆరోగ్యవంతుడు. 21 వచ్చిందా, స్వల్పంగా భయం ఉన్నట్టు. 60 నుంచి ఓ మోస్తరు, 100 నుంచి తీవ్రం.

ఈ కొలబద్ద పట్టుకుని ఏ మెడికల్ కాలేజీవాళ్లు తమ విద్యార్థుల మీద సర్వే చేసినా ఫలితం ముందే చెప్పేయొచ్చు. దాదాపు అందరికీ జబ్బే. మర్నాడు పేపర్లో ‘యువతను పీడిస్తున్న కొత్త భయం’ అని వార్త వస్తుంది. ఈ భయానికి పెట్టిన నోమోఫోబియా అనే పేరు కూడా ఆస్పత్రిలో పుట్టలేదు. 2008లో బ్రిటన్ పోస్టాఫీసు ఒక సర్వే చేయించింది. రెండు వేల పైచిలుకు మందిని అడిగితే, ఫోన్ పోయినా, చార్జింగ్ అయిపోయినా, సిగ్నల్ లేకపోయినా ఆందోళన పడతామని 53 శాతం మంది అన్నారట. ఆ పోస్టాఫీసుకు టెలిఫోన్ సేవలు అమ్ముకునే వ్యాపారం కూడా ఉండేదని గుర్తుంచుకుంటే మంచిది. మానసిక వైద్యులు వాడే డీఎస్ఎం-5 జాబితాలో ఈ జబ్బుకు చోటు లేదు.

భయం లేదని నేననడం లేదు. ఇరవయ్యేళ్ల కుర్రాడి ఫోన్ తీసుకెళ్లి పక్కగదిలో పెట్టి చూడండి, పావుగంటలో జేబు తడుముకుంటాడు. కానీ ఆ భయంలో సగానికి పైగా తెలివైన భయం. మిగిలినదాంట్లో పెద్ద వాటా పెద్దలం మనం నేర్పిపెట్టింది. జబ్బు అనదగ్గది ఆ తర్వాత మిగిలే కాస్తే.

తెలివైన భయం సంగతి కోనసీమవాళ్లనడిగితే చెప్తారు. 2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద గొడవ ముదిరి అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాక అక్కడ మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఒకట్రెండు రోజుల్లో వస్తుందనుకున్నది కొన్ని మండలాల్లో రెండు వారాల దాకా రాలేదు. కరోనా పోయినా ఇంటి నుంచే పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు అప్పట్లో ఊరూరా ఉన్నారు. లాప్‌టాప్ సంచీలు తగిలించుకుని గోదావరి ఒడ్డుకు పోయి, అవతలి గట్టు నుంచి వచ్చే సిగ్నల్ కోసం కూర్చున్నారు. యానాం, కాకినాడ, రాజమండ్రి వెళ్లి పని చేసుకున్నవాళ్లున్నారు. ఆ వారం వాళ్ల చేత ఆ ప్రశ్నపత్రం నింపిస్తే మార్కులు వంద దాటిపోయేవి. మంచి అవకాశం వచ్చింది, కొబ్బరితోటలో కూర్చుని ఫోన్‌కు దూరంగా గడుపు నాయనా అని వాళ్లకు మేనేజరూ చెప్పలేదు, కన్నవాళ్లూ చెప్పలేదు.

2025 ఏప్రిల్ 12న, శనివారం పూట, యూపీఐ దేశమంతటా మొరాయించింది. ఆ రోజు టీ కొట్ల దగ్గర, పెట్రోలు బంకుల దగ్గర ఇబ్బంది పడ్డవాళ్లలో ఎక్కువమంది ఏ వయసువాళ్లో ఊహించడం కష్టం కాదు. నా వయసువాళ్ల జేబులో ఎంత లేదన్నా ఓ ఐదొందల నోటుంటుంది. పందొమ్మిదేళ్ల పిల్లకు అసలు పర్సే ఉండదు. ఫోన్ కవరు వెనకాల నాలుగు మడతలు పెట్టిన వంద నోటుంటుంది, అదీ వాళ్లమ్మ పెట్టిందే. ఫోన్ పోతే ఆ వందా పోతుంది. అదే ఏడాది ఆగస్టులో యూపీఐ లావాదేవీలు మొదటిసారి నెలకు 2,000 కోట్లు దాటాయి. ఆ అంకెను దేశం సాధించిన ఘనతగా చెప్పుకున్నాం, బాగానే ఉంది. ఆ అంకెలో భాగమైన కుర్రాడు ఫోన్ కనబడక తెల్లబోతే మాత్రం వ్యసనం అంటున్నాం.

డబ్బొక్కటే అయితే ఇంత చెప్పనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో పాలన మొదలుపెట్టింది. ఇంటర్ హాల్‌టికెట్టు కూడా అందులో దింపుకోవచ్చు. హైదరాబాద్ మెట్రో టికెట్టు 2022 నుంచే వాట్సాప్‌లో దొరుకుతోంది. బ్యాంకు ఓటీపీ, ఆధార్ ఓటీపీ, ఫీజు రసీదు, రైలు టికెట్టు అన్నీ ఫోన్‌లోనే. క్యాంపస్ ఇంటర్వ్యూకు పొద్దున్న తొమ్మిదికల్లా రమ్మని ప్లేస్‌మెంట్ గ్రూపులో కబురు రాత్రి పదకొండింటికి పడుతుంది. ఆ పూట ఫోన్ ఆపుకుని పడుకున్న బుద్ధిమంతుడికి ఇంటర్వ్యూ పోతుంది. స్విగ్గీ, జొమాటో సంచులు మోసే కుర్రాళ్లకైతే ఫోన్ ఆగితే కూలే ఆగుతుంది. వాళ్ల బండికి హెల్మెట్ లేకపోయినా పవర్ బ్యాంకు ఉంటుంది. ఇంటి తాళాలు, బీరువా తాళాలు, డబ్బు, కార్డులు అన్నీ ఒకే సంచీలో వేసుకున్నవాడు ఆ సంచీ బస్సులో మరిచిపోతే గుండె బాదుకుంటాడు. అతణ్ణి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్దామని ఎవరూ అనరు.

(ఈ వరసకు ఎదురు నిలబడింది ఒక్క ఆర్టీసీయే. తెలంగాణలో ఆడవాళ్ల ఉచిత ప్రయాణం మొదలైన కొత్తలో, ఫోన్‌లో ఆధార్ ఫొటో చూపిస్తే చెల్లదు, ఒరిజినల్ కార్డు తెచ్చుకోవాల్సిందేనని గట్టిగా చెప్పింది. చాలామంది విసుక్కున్నారు. నాకు మాత్రం ముచ్చటేసింది. ఫోన్ లేకుండా బస్సెక్కే వీలు ఇంకా ఉందన్నమాట.)

మనం నేర్పిన భయానికి వద్దాం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదో తరగతి పాసైన పిల్లల్లో చాలామందిని కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లలో వేస్తాం. అక్కడ ఫోన్ ఉండకూడదు. ఆదివారం ఇంటికి మాట్లాడనిస్తారు. చేతికి ఫోన్ అందేసరికి వెనక పది మంది నిలబడి ఉంటారు. తిన్నావా, జ్వరం తగ్గిందా, వీకెండ్ టెస్టులో ఎన్నొచ్చాయి. అంతటితో టైమైపోతుంది. ఇలా రెండేళ్లు. ర్యాంకొస్తే ఫోన్ కొనిస్తామని ఇంట్లో మాటిస్తారు. ఫోన్ లేకుండా రెండేళ్లు బతికి చూపించిన పిల్లలు వీళ్లు, ఆ అనుభవం తర్వాత ఏనాడైనా అక్కరకు రావాలి. రాదు. ఫోన్ లేని రోజులంటే వాళ్లకు తెల్లవారుజాము స్టడీ అవరు, తాళం వేసిన గేటు గుర్తొస్తాయి. పైగా కొత్త ఫోన్‌ను ర్యాంకుతో కొనుక్కున్నారాయె. దాన్ని వదిలి ఉండమంటే గేటు లోపలికి మళ్లీ వెళ్లమన్నట్టే వినబడుతుంది.

అదే పిల్ల బీటెక్‌కు చెన్నై వెళ్లిందనుకోండి, ఇంటి చట్టం రాత్రికి రాత్రే మారుతుంది. నిన్నటిదాకా ఫోన్ ముట్టొద్దన్న నాన్నే ఇప్పుడు మూడో రింగు దాకా ఆగలేడు.

“ఫోన్ ఎత్తలేదేం?”

“ల్యాబ్‌లో ఉన్నా నాన్నా, సైలెంట్‌లో పెట్టా.”

“మెసేజన్నా పెట్టొచ్చు కదమ్మా. మీ అమ్మ ఇక్కడ అన్నం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు.”

ఆ పిల్ల ఎత్తకపోతే రూమ్మేట్‌కు చేస్తారు. రూమ్మేట్ నంబరు, ఆ రూమ్మేట్ వాళ్లమ్మ నంబరు కూడా ఇంట్లో గోడ క్యాలెండరు మీద రాసి ఉంటాయి. లైవ్ లొకేషన్ పెట్టించుకునే ఇళ్లూ తెలుసు నాకు. ప్రేమే, కాదనను. కానీ నాలుగేళ్లు ఈ ప్రేమలో పెరిగిన పిల్లకు, అందుబాటులో లేకపోవడమంటే ఎవరినో ఏడిపించడం అన్న లెక్క ఒంట్లోకి దిగిపోతుంది. ఆ పిల్ల బ్యాటరీ ఐదు శాతానికి రాగానే తల తిరిగినట్టయితే, ఆ భయం అసలు చిరునామా చెన్నైలో లేదు, గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉంది.

ఆడపిల్లల విషయంలో ఇంకా నోరెత్తలేం. 2019 నవంబరు చివర్లో శంషాబాద్ దగ్గర ఒక యువతిపై జరిగిన అత్యాచారం, హత్య తర్వాత, కూతురి ఫోన్ స్విచ్ఛాఫ్ వస్తే తెలుగిళ్లలో ఎవరికీ కాళ్లూ చేతులూ ఆడడం లేదు. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ దిశ యాప్ తెచ్చింది. ఆపదలో ఫోన్ ఊపితే చాలు, పోలీసులకు కబురు వెళ్తుందన్నారు. ఆడపిల్లకు ఫోనే రక్ష అని ప్రభుత్వమే చెప్పాక, చేతిలో ఫోన్ లేకపోతే భయపడకమ్మా అని ఆమెకు ఏ ముఖం పెట్టుకుని చెప్తాం?

అమెరికాలో మిస్సోరీ యూనివర్సిటీవాళ్లు 2015లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఇక్కడ చెప్పాలి. నలభై మంది దాకా ఐఫోన్ వాడేవాళ్లను మాటలు వెతికే పజిల్స్ చేయమని కూర్చోబెట్టారు. రక్తపోటు చూసే పరికరానికి అడ్డొస్తోందని వంక చెప్పి ఫోన్ తీసి కాస్త దూరంగా పెట్టారు. తర్వాత వాళ్లే ఆ ఫోన్‌కు రింగిచ్చారు. లేచి ఎత్తడానికి లేదు. గుండె వేగం పెరిగింది, రక్తపోటు పెరిగింది, పజిల్‌లో మాటలు దొరకడం తగ్గింది. దీన్ని ఫోన్ మీది మమకారానికి రుజువుగా చెప్తుంటారు. నాకలా అనిపించదు. ఎవరో పిలుస్తున్నారు, తను పలకడం లేదు. ఆ స్థితిలో మనిషన్నవాడి గుండె కొట్టుకోకపోతేనే వైద్యం చేయించాలి.

పలకకపోవడం తప్పు కాని రోజులు మరీ పాతవేం కావు. 2003 దాకా మన దేశంలో ఇన్‌కమింగ్‌కు కూడా డబ్బు పడేది. ఫోన్ మోగితే ఎత్తకుండా కట్ చేస్తే ఇద్దరికీ డబ్బు మిగిలేది. ఒక్క మిస్డ్ కాల్ ఇస్తే క్షేమంగా చేరినట్టు, రెండిస్తే తిరిగి చేయమన్నట్టు. ఊళ్లో ఎస్టీడీ బూత్ మూసేశాక ఎవరి మీదా ఎవరికీ ఫిర్యాదు ఉండేది కాదు. 2014లో వాట్సాప్ నీలం టిక్కులు పెట్టింది. చూసి కూడా జవాబివ్వలేదన్న నేరం అప్పటి నుంచే మొదలు. ఆ నేరం కింద ఇవాళ స్నేహాలు తెగుతున్నాయి, ప్రేమలు తెగుతున్నాయి, వియ్యంకుల మధ్య మాటలూ ఆగుతున్నాయి.

ఇక నిజంగా జబ్బు అనదగ్గది. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి టెక్నాలజీ అతివాడకానికి వైద్యం చేసే షట్ క్లినిక్ నడుస్తోంది. నిద్ర కరువై, చదువు ఆగి, చేతిలోంచి ఫోన్ లాక్కుంటే తిరగబడేదాకా వచ్చిన పిల్లలకు అలాంటి చోట వైద్యం కావాలి, మన రెండు రాష్ట్రాల్లోనూ అలాంటివి పెరగాలి. రీల్స్ గురించి, ఎంత తోసినా అడుగు తగలని ఆ తెరల గురించి ఇక్కడ పొడుగ్గా రాయను. ఆ తిట్లు మీరు వారం వారం చదువుతున్నవే, నేనూ రాసినవే. నా అభ్యంతరమల్లా క్లినిక్‌కు వెళ్లాల్సిన నలుగురితో పాటు మిగతా పిల్లలందర్నీ అదే గాటన కట్టడం మీద.

పిల్లలకు ఫోన్ ఉపవాసాలు, వారాంతపు శిబిరాలు చెప్పే ముందు పెద్దలం చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. ప్రభుత్వం ఏ సేవనైనా ఫోన్‌లో పెట్టొచ్చు, పక్కనే ఒక కౌంటరు మాత్రం తెరిచి ఉంచాలి. ప్రవేశపరీక్షలకు ఫోన్ తేవద్దంటారు. పొరుగూరి నుంచి ఒంటరిగా వచ్చిన పిల్ల టికెట్టూ డబ్బూ అందులోనే పెట్టుకుని వస్తుంది, తేకుండా ఎలా? గేటు ఎదురుగా జిరాక్స్ షాపువాడికి ఇరవయ్యో ముప్పయ్యో ఇచ్చి ఫోన్ అప్పజెప్పి లోపలికెళ్లి, వాడు షట్టర్ దింపి భోజనానికి పోయాడేమోనని మూడు గంటలు లెక్కల మధ్యలో ఆలోచిస్తుంది. ఫీజులు వసూలు చేసే పరీక్షకు ఒక సామాన్ల గది, ఒక టోకెను ఏర్పాటు చేయలేరా? ఇంట్లో అయితే రాత్రి తొమ్మిదికి మాట్లాడుకుందాం, ఈలోగా ఎత్తకపోతే క్లాసులో ఉన్నట్టే అని పిల్లలకు మాటివ్వడానికి ఖర్చేం లేదు. పెద్దల నంబర్లు రెండు నోటికి రావాలని పట్టుబట్టొచ్చు కూడా. నాకు తెలిసిన ఇంజనీరింగ్ విద్యార్థుల్లో వాళ్లమ్మ నంబరు చూడకుండా చెప్పగలిగేవాళ్లు తక్కువ.

హాస్టళ్లున్న ప్రతి కాలేజీలో అంతస్తుకొక ల్యాండ్‌లైన్ పెట్టించాలని నేను ఏ వేదిక మీదైనా అడుగుతాను. వార్డెన్ గదిలో తాళం వేసుకుని కాదు, వరండాలో. ఆ నంబరు గోడ క్యాలెండరు మీద ఉంటే, పిల్ల ఫోన్ స్విచ్ఛాఫ్ అయిన రాత్రి ఎవరో రూమ్మేట్ వాళ్లమ్మను నిద్ర లేపాల్సిన పని ఉండదు.